సమాధి కట్టినవాడు, సమాధి లేనివాడు: డెనిస్ బ్రౌన్ స్మృతి - పరిశీలన

వ్యాససంగ్రహం:
మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ స్వచ్ఛంద నౌకాదళ రిజర్వుకు చెందిన యువ అధికారి విలియం డెనిస్ బ్రౌన్ 1915 జూన్ 4న గల్లిపోలీలో మరణించాడు. అతను సంగీతకర్త. అంతకు ఆరు వారాల ముందు తన మిత్రుడూ, అదే దళంలోని కవీ అయిన రూపర్ట్ బ్రూక్‌ను గ్రీకు ద్వీపం స్కైరోస్‌లో దగ్గరుండి ఖననం చేయించాడు. ఆ ఖననం గురించి అతను రాసిన ఉత్తరం బ్రూక్ జీవితచరిత్రకు ఆధారమైంది. బ్రౌన్‌కు మాత్రం గుర్తించిన సమాధి లేదు. మిత్రుని స్మృతిని నిలిపిన బ్రౌన్ రచనను, తన మరణాన్ని గురించి అతను ముందుగా రాసిపెట్టిన చీటీని, తన కాగితాల విషయంలో అతను చేసిన ఏర్పాటును కలిపి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. రాజ్యం నిర్మించే స్మృతికీ, దగ్గరివారు నిలిపే స్మృతికీ మధ్య ఉన్న భేదాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: డెనిస్ బ్రౌన్, రూపర్ట్ బ్రూక్, గల్లిపోలీ, నౌకాదళ రిజర్వు, స్మృతిసాహిత్యం, స్త్రీపర్వం, ఉత్తరక్రియ.

1. ఉపోద్ఘాతం:

ఆంగ్లసాహిత్యం చదువుకున్నవారికి రూపర్ట్ బ్రూక్ పేరు కొత్త కాదు. యుద్ధంలో చనిపోయే సైనికుడు పరాయి నేలలో తన దేశపు తునకగా మిగిలిపోతాడన్న భావంతో అతను రాసిన సానెట్ మనదేశంలోనూ పాఠ్యాంశంగా చాలామందికి పరిచయమే. ఆ కవిని పాతిపెట్టిన చోటు ఎంచినది ఎవరు, గుంటలో ఆలివ్ కొమ్మలు పరిచినది ఎవరు, ఆ రాత్రి జరిగినదంతా ఇంగ్లండుకు రాసి పంపినది ఎవరు అన్న ప్రశ్నలకు సమాధానంగా వచ్చే పేరు డెనిస్ బ్రౌన్. ఆ పేరు సాధారణంగా బ్రూక్ చరిత్రలో అధోజ్ఞాపికగానే కనిపిస్తుంది.

ఒక అధోజ్ఞాపికను ప్రధాన పాఠంగా చదవడానికి కారణం ఉండాలి. బ్రౌన్ విషయంలో అటువంటి కారణాలు రెండున్నాయి. మొదటిది, అతను వీరమరణాన్ని గురించి పద్యం రాసినవాడు కాదు, ఒక మరణాన్ని దగ్గరగా చూసి వచనంలో నమోదు చేసినవాడు. రెండవది, బ్రూక్ పద్యం ఊహించిన పరాయి నేలలోని సమాధి బ్రూక్‌కు దక్కింది, దాన్ని దక్కించిన బ్రౌన్‌కు దక్కలేదు. కవిత ఊహించినదానికీ, యుద్ధం చేసినదానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి ఈ ఇద్దరి మరణాలను పక్కపక్కన పెట్టి చూడడం అవసరం.

2. నౌక లేని నావికులు:

విలియం డెనిస్ బ్రౌన్ 1888 నవంబర్ 3న ఇంగ్లండులోని లెమింగ్టన్ స్పాలో జన్మించాడు. రగ్బీ పాఠశాలలో బ్రూక్‌తో పాటు చదివాడు. తరువాత ఇద్దరూ కేంబ్రిడ్జికి వెళ్లారు. బ్రూక్ కింగ్స్ కళాశాలలో, బ్రౌన్ క్లేర్ కళాశాలలో చేరారు. కేంబ్రిడ్జిలో సంగీత పండితుడు ఎడ్వర్డ్ డెంట్ సాహచర్యం బ్రౌన్‌ను సంగీతం వైపు పూర్తిగా మళ్లించింది. పియానో వాదకుడిగా, పాటలకు స్వరకర్తగా, పత్రికలలో సంగీత విమర్శకుడిగా అతను లండనులో పేరు తెచ్చుకుంటున్న దశలో యుద్ధం వచ్చింది.

బ్రూక్, బ్రౌన్ చేరిన దళం స్వభావాన్ని ఇక్కడ కొంత వివరించుకోవాలి. బ్రిటన్‌లో స్వచ్ఛంద నౌకాదళ రిజర్వు 1903లో ఏర్పడింది. వృత్తిరీత్యా నావికులు కానివారు శిక్షణ పొంది, అవసరమైనప్పుడు నౌకాదళానికి తోడ్పడడం దీని ఉద్దేశం. 1914లో యుద్ధం మొదలైనప్పుడు ఓడలమీద చోటు ఉన్నవారికన్నా రిజర్విస్టుల సంఖ్య ఎక్కువైంది. ఆ మిగులు మనుషులతో నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ నేలమీద పోరాడే రాయల్ నేవల్ డివిజన్‌ను ఏర్పాటు చేశాడు. ఆ డివిజన్‌లోని బెటాలియన్లకు హుడ్, ఆన్సన్, హోవ్, కాలింగ్‌వుడ్ వంటి నౌకాధిపతుల పేర్లు పెట్టారు. శిబిరం దాటి బయటికి వెళ్లడాన్ని కూడా ‘ఒడ్డుకు వెళ్లడం’ అనే అనేవారు. పేరుకు నావికులు, పనికి కాల్బలం.

చర్చిల్ కార్యదర్శి ఎడ్వర్డ్ మార్ష్ ఇద్దరికీ మిత్రుడు. అతని ద్వారానే 1914 సెప్టెంబరులో బ్రూక్, బ్రౌన్ సబ్ లెఫ్టినెంట్లుగా చేరారు. అక్టోబరులో ఆంట్వెర్ప్ రక్షణకు వెళ్లి వచ్చారు. తరువాత హుడ్ బెటాలియన్‌కు మారారు. 1915లో గల్లిపోలీ దండయాత్రకు బయలుదేరిన ‘గ్రాంటలీ కాసిల్’ ఓడలో వీరితో పాటు ఆస్ట్రేలియాలో పుట్టిన సంగీతకర్త, ఒలింపిక్ పడవ పందెంలో స్వర్ణం గెలిచిన ఎఫ్.ఎస్. కెల్లీ, గ్రీకు సాహిత్యంలో ప్రతిభావంతుడు పాట్రిక్ షా-స్టూవర్ట్, దౌత్య ఉద్యోగం వదిలి వచ్చిన చార్ల్స్ లిస్టర్, ప్రధానమంత్రి కుమారుడు ఆర్థర్ ఆస్క్విత్, బెర్నార్డ్ ఫ్రైబర్గ్ ఉన్నారు. సంగీతమూ ప్రాచీన గ్రీకు కావ్యాలూ తెలిసిన ఈ బృందం ప్రాచీన ట్రాయ్ నగరం ఉన్న తీరానికి ఎదురుగా యుద్ధానికి వెళ్తోంది. ఆ ఎరుక వారందరి రాతల్లోనూ కనిపిస్తుంది.

3. స్కైరోస్ ఖననం - ఉత్తరంలోని వచనం:

బ్రూక్ మరణం యుద్ధరంగంలో జరగలేదు. ఈజిప్టులో ఎండదెబ్బకు గురై నీరసించిన అతనికి పెదవిమీది దోమకాటు విషమించి రక్తం విషపూరితమైంది. స్కైరోస్ ద్వీపం దగ్గర లంగరు వేసి ఉన్న ఫ్రెంచి ఆసుపత్రి ఓడ ‘డ్యూగే-త్రూయాఁ’లో 1915 ఏప్రిల్ 23 సాయంత్రం చనిపోయాడు. ఆ సమయంలో పక్కన ఉన్నవాడు బ్రౌన్. ఓడలు మరునాటి ఉదయమే గల్లిపోలీ వైపు కదలవలసి ఉంది. కాబట్టి ఖననం ఆ రాత్రే జరగాలి.

మూడు రోజుల ముందు దళం ఆ ద్వీపంలో కవాతు చేసినప్పుడు బ్రూక్ ఒక ఆలివ్ తోటలో విశ్రమించి, ఆ చోటు బాగుందని అన్నాడు. బ్రౌన్ ఆ మాట గుర్తుపెట్టుకుని ఆ తోటనే ఎంచుకున్నాడు. ఫ్రైబర్గ్, లిస్టర్‌లతో కలిసి ముందుగా వెళ్లి గుంట సిద్ధం చేయించాడు. ఎండిన వాగు దారిలో, రాళ్లమీదుగా, దీపాల వెలుగులో శవపేటికను మోసుకుని రావడానికి చాలాసేపు పట్టింది. షా-స్టూవర్ట్ నాయకత్వంలో సైనికులు తుపాకులు పేల్చారు. అందరూ వెళ్లిపోయాక బ్రౌన్, ఫ్రైబర్గ్, లిస్టర్, ఆస్క్విత్, కెల్లీ ఆ ఐదుగురూ మిగిలి, చుట్టూ పడివున్న పాలరాతి ముక్కలు ఏరి సమాధిమీద పేర్చారు.

బ్రౌన్ ఈ సంగతులన్నీ మార్ష్‌కు ఉత్తరంగా రాశాడు. మార్ష్ 1918లో ప్రచురించిన బ్రూక్ జీవితకథలో చివరి ఘట్టానికి ఆ ఉత్తరమే ప్రాణం. దాని శైలిలో మూడు లక్షణాలు గమనించదగినవి.

మొదటిది, కాలనిర్దేశం. మరణ సమయాన్ని బ్రౌన్ నిమిషంతో సహా నమోదు చేశాడు. శోకంలో ఉన్న రచయిత సాధారణంగా కాలాన్ని విశాలం చేస్తాడు, యుగాలతోనూ శాశ్వతత్వంతోనూ పోలుస్తాడు. బ్రౌన్ దానిని గడియారం దగ్గర ఆపాడు.

రెండవది, ఉపమల లేమి. ఆ గదిలోకి ఎండ పడుతోందనీ, తలుపులోంచి చల్లని సముద్రపు గాలి వీస్తోందనీ అతను రాశాడు. ఎండ దేనికీ సంకేతం కాలేదు, గాలి ఆత్మకు ప్రతీక కాలేదు. రోగికి ఆ సమయంలో దక్కిన సౌఖ్యం ఏమిటో ఇంగ్లండులో ఉన్న స్నేహితుడికి తెలియాలన్నదే ఆ వాక్యం ప్రయోజనం. దూరంలో ఉండిపోయినవారు మొదట అడిగే ప్రశ్న అదే: చివరి ఘడియలో బాధపడ్డాడా? బ్రౌన్ అడగకముందే సమాధానం ఇచ్చాడు.

మూడవది, కర్తృత్వాన్ని అందరికీ పంచడం. పేటిక మోసినవారు, గుంట తవ్వినవారు, రాళ్లు పేర్చినవారు ఎవరెవరో ఆ కథనంలో కనిపిస్తారు. రాసినవాడు తన దుఃఖాన్ని ప్రత్యేకంగా ముందుకు తెచ్చుకోలేదు. విలాపకావ్యాలలో మృతుని కన్న విలపించేవాడు పెద్దగా కనిపించే ప్రమాదం తరచు ఉంటుంది. ఈ వచనం ఆ ప్రమాదాన్ని తప్పించుకుంది.

4. మరణానికి ముందే మొదలైన స్మారకం:

బ్రౌన్ వచనం విలువ తెలియాలంటే అదే సమయంలో ఇంగ్లండులో నిర్మాణమవుతున్న మరొక స్మృతిని చూడాలి. 1915 ఏప్రిల్ 4, ఈస్టరు ఆదివారం నాడు లండనులోని సెయింట్ పాల్ ప్రధాన చర్చిలో డీన్ ఇంగే తన ప్రసంగంలో బ్రూక్ సానెట్‌ను చదివి వినిపించాడు. అప్పటికి కవి బతికే ఉన్నాడు. అంటే సైనికుడి మరణాన్ని గురించిన పద్యం సైనికుడి కన్న ముందే స్మారకమైంది. మూడు వారాలు తిరగకముందే కవి మరణించడంతో, పద్యం చెప్పినదాన్ని కవి నిజం చేసినట్టు జనానికి తోచింది. ఏప్రిల్ 26న ‘టైమ్స్’ పత్రికలో చర్చిల్ పేరుతో వచ్చిన నివాళి బ్రూక్‌ను నిర్భయుడైన, ఆనందంగా ఆత్మార్పణకు సిద్ధమైన యువతరానికి ప్రతినిధిని చేసింది. దోమకాటు ఆ చిత్రంలో ఇమడదు.

ఇటువంటి చేర్పు ఇంగ్లండులోనే జరిగిందనుకోవడం సరికాదు. ఖననం జరిగిన చోటే, సమాధిపై నిలిపిన కొయ్య సిలువ వెనుక గ్రీకు దుభాషి తన భాషలో కొన్ని మాటలు రాశాడు. ఆంగ్ల నౌకాదళానికి చెందిన ఈ దైవసేవకుడు కాన్‌స్టాంటినోపుల్‌ను తురుష్కుల నుండి విముక్తం చేయడం కోసం మరణించాడని దాని సారాంశం. ఆ దుభాషికి అది గ్రీకుల చిరకాల స్వప్నం. చనిపోయినవాడి మీద తన ఆశను అతను చిత్తశుద్ధితోనే రాశాడు. డీన్ తన మతాన్ని, మంత్రి తన యుద్ధాన్ని, దుభాషి తన జాతి ఆకాంక్షను అదే మృతదేహం మీద నిలిపారు. 1931లో స్కైరోస్ పట్టణంలో కవిత్వానికి ప్రతీకగా కంచు విగ్రహం కూడా వెలసింది.

దీనిని వ్యతిరేకించిన గొంతు ఆనాడే లేకపోలేదు. యువకవి చార్ల్స్ సోర్లీ 1915లోనే ఒక ఉత్తరంలో, బ్రూక్ తన త్యాగాన్ని తానే ఎక్కువ చేసి చూసుకున్నాడని విమర్శించాడు. ఆ సోర్లీ కూడా అదే ఏడాది అక్టోబరులో ఫ్రాన్సులో మరణించాడు. సోర్లీ విమర్శ కవితను ఉద్దేశించినది. బ్రౌన్ ఉత్తరం విమర్శగా రాసినది కాదు. అయినా బ్రూక్ చుట్టూ అల్లుకున్న అతిశయోక్తికి అదే బలమైన జవాబుగా నిలుస్తుంది. ఎందుకంటే అందులో ఉన్నది ఒక రోగి, ఒక ఓడగది, ఒక ఆలివ్ తోట, కొన్ని రాళ్లు మాత్రమే.

5. క్రితియా - సమాధి లేకపోవడానికి కారణం:

గల్లిపోలీలో దిగాక బ్రౌన్ మే నెలలో మెడమీద గాయపడి ఈజిప్టులో చికిత్స పొందాడు. పూర్తిగా కోలుకోకముందే తిరిగి దళంలో చేరాడు. జూన్ 4న క్రితియా గ్రామం లక్ష్యంగా మూడవ దాడి జరిగింది. ఆ దాడిలో నేవల్ డివిజన్ బెటాలియన్లు ఎదుటి కందకాలను మొదట పట్టుకోగలిగాయి. కుడివైపున ఫ్రెంచి సైన్యం వెనక్కి తగ్గవలసి రావడంతో వారి పార్శ్వం ఖాళీ అయింది. ఆ వైపునుంచి కందకాల పొడవునా కాల్పులు వచ్చాయి. పట్టుకున్న కందకాలను వదిలి, చాలామందిని పోగొట్టుకుని వెనుదిరగవలసి వచ్చింది. వెనుక తోడుగా వచ్చిన కాలింగ్‌వుడ్ బెటాలియన్ దాదాపుగా తుడిచిపెట్టుకుపోయి, తరువాత రద్దయింది. బ్రౌన్ ఆ కందకాలలోనే ప్రాణాలు విడిచాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు.

పట్టుకున్న నేల తిరిగి చేజారినప్పుడు చనిపోయినవారు ఎదుటి పక్షపు నేలలో ఉండిపోతారు. వారిని గుర్తించి పేరుతో పాతిపెట్టే అవకాశం ఉండదు. బ్రౌన్‌కు సమాధి లేకపోవడానికి కారణం ఇంతే. గల్లిపోలీ ద్వీపకల్పం కొనన నిలిచిన హెల్లెస్ స్మారక స్తంభంపై 20,000కు పైగా పేర్లున్నాయి. గుర్తించిన సమాధి లేనివారి పేర్లవి. వాటిలో బ్రౌన్ పేరు ఒకటి.

జూన్ 4 నాటి నష్టం నేవల్ డివిజన్‌కే పరిమితం కాదు. అదే దాడిలో, ద్వీపకల్పం పడమటి వైపున ఉన్న గల్లీ రవీన్ లోయలో భారత సైన్యానికి చెందిన 14వ సిక్కు రెజిమెంటు తన బలంలో అధికభాగాన్ని కోల్పోయింది. ఎదుటి పక్షాన తమ ఊళ్లను కాపాడుకుంటున్న ఒట్టోమన్ సైనికులు వేలాదిగా నేలకొరిగారు. వారిలో ఎంతమంది పక్కన ఉత్తరం రాసే మిత్రుడున్నాడు? బ్రౌన్ స్మృతిని పరిశీలించేటప్పుడు ఈ ప్రశ్న వదిలిపెట్టరానిది. సమాధి లేకపోయినా బ్రౌన్‌కు ఉత్తరాలున్నాయి, వాటిని భద్రపరిచే మార్ష్ ఉన్నాడు, సంగీతాన్ని కాపాడే డెంట్ ఉన్నాడు. స్మృతి ధైర్యసాహసాలను బట్టి దక్కేది కాదు. చదువు, వర్గం, పరిచయాలు దానిని చాలావరకు నిర్ణయిస్తాయి.

6. చివరి చీటీ:

బ్రౌన్ తన మరణాన్ని ఊహించి మార్ష్‌కు ముందుగానే ఒక చీటీ రాసి పెట్టుకున్నాడు. గాయపడి పడివున్నప్పుడు తన జేబుసంచిని దళంలోని ఒక పెట్టీ ఆఫీసరు చేతికి ఇచ్చాడు. అందులోని ఆ చీటీ మార్ష్‌కు చేరింది. దాని సారాంశం ఇది: తానూ వెళ్లిపోయానని, మరీ చెడ్డగా పోలేదని ఆశిస్తున్నానని అతను రాశాడు. తాను పోరాడాడు కాబట్టి రూపర్ట్ కన్న అదృష్టవంతుణ్ణన్నాడు. అయితే తాను రూపర్ట్‌ను పూడ్చినట్టు తనను పూడ్చేవారెవరూ లేరు గనుక, చివరికి రూపర్ట్ పరిస్థితే మేలేమోనన్నాడు.

ఈ చీటీలో రెండు విలువలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకటి పోరాట గౌరవం, రెండవది అంత్యసంస్కారం. మొదటి విలువ విషయంలో బ్రౌన్ తన కాలానికి చెందినవాడే. యుద్ధంలో పాల్గొనడం అదృష్టమన్న నమ్మకం అతనిలోనూ ఉంది. అతన్ని యుద్ధ వ్యతిరేకిగా చూపడం చారిత్రకంగా సరికాదు. కాని చీటీ అక్కడ ఆగలేదు. రెండవ విలువను తూకంలో వేసి, త్రాసు ముల్లు అటువైపే మొగ్గినట్టు చెప్పింది. పోరాడిన గౌరవం కన్న, తెలిసిన చేతులతో మట్టి దక్కడం మిన్న అన్న నిర్ణయానికి ఒక సైనికాధికారి యుద్ధరంగంలోనే వచ్చాడు. ఆ నిర్ణయాన్ని ‘ఏమో’ అన్న సంశయంతో, చిరునవ్వు లాంటి తేలికపాటి స్వరంతో చెప్పాడు.

ఈ స్వరం విషయంలో విమర్శకుడు జాగ్రత్త వహించాలి. ఆనాటి ఆంగ్ల విద్యావంతులలో భావోద్వేగాన్ని తేలికమాటల చాటున దాచుకోవడం ఒక మర్యాద. కాబట్టి ఆ తేలికదనాన్ని నిర్భయత్వంగా చదివితే చర్చిల్ చేసిన పొరపాటే పునరావృతమవుతుంది. నిరాశగా చదివినా అతిశయమే. అతను ఆరు వారాల క్రితం తన చేతులతో చేసిన పనిని తలచుకుని, అది తనకు జరగదని గ్రహించాడు. చీటీ బలం ఆ స్పష్టతలో ఉంది. పరాయి నేల తన దేశమవుతుందని బ్రూక్ సానెట్ భరోసా ఇచ్చింది. నేలను దేశంగా మార్చేది మృతదేహం కాదు, దాన్ని పూడ్చే మనిషి అని బ్రౌన్ చీటీ గుర్తు చేస్తుంది.

7. ఉంచదగినవి, తీసివేయదగినవి:

బ్రౌన్ తన సంగీత రచనల గురించి చేసిన ఏర్పాటు కూడా స్మృతికి సంబంధించినదే. తన కాగితాలలో తన శక్తిని ఉత్తమంగా చూపనివాటిని నాశనం చేయమని అతను డెంట్‌ను కోరాడు. డెంట్ మరికొందరు సంగీతజ్ఞులతో కలిసి వాటిని పరిశీలించాడు. ఫలితంగా ఈనాడు బ్రౌన్ పేరుమీద నిలిచినవి కొద్ది రచనలే. వాటిలో రిచర్డ్ లవ్‌లేస్ కవితకు కూర్చిన ‘టు గ్రాషియానా డాన్సింగ్ అండ్ సింగింగ్’ ప్రసిద్ధమైనది. పాత కీబోర్డు గ్రంథంలోని అజ్ఞాతకర్తృకమైన నాట్యవరుసను పియానోకు అప్పగించి, దానిమీద గాత్రాన్ని నడిపించాడు. పేరు తెలియని పూర్వికుడి వరుసను బతికించిన పాటే అతని పేరును నిలిపింది.

‘ఎపిటాఫ్ ఆన్ సాలథీల్ పావీ’ అన్న పాట ప్రస్తుత చర్చకు మరింత దగ్గరిది. బెన్ జాన్సన్ రాసిన ఈ స్మృతికవిత పదమూడేళ్లకే చనిపోయిన ఒక బాలనటుణ్ణి గురించినది. ఆ బాలుడు ముసలివారి వేషాలు ఎంత సహజంగా వేసేవాడంటే, విధి దేవతలు అతన్ని నిజంగా వృద్ధుడే అనుకుని తీసుకుపోయారని జాన్సన్ చమత్కరించాడు. యుద్ధానికి ముందే బ్రౌన్ ఈ కవితను ఎంచుకోవడంలో భవిష్యత్సూచన వెతకనక్కరలేదు. గమనించవలసినది అభిరుచి. బాలుని మరణానికి జాన్సన్ ఏ మహత్తర కారణాన్నీ ఆపాదించలేదు. పొరపాటు జరిగిందన్నాడు, అంతే. అకాల మరణాన్ని సార్థకం చేయాలన్న ఆతురత లేని స్మృతికవిత బ్రౌన్‌కు నచ్చింది. స్కైరోస్ ఉత్తరంలో కనిపించే నిగ్రహానికి ఈ అభిరుచితో చుట్టరికం ఉంది.

తన రచనలను వడకట్టమన్న మనిషే మిత్రుని మరణకథనాన్ని కూడా వడకట్టి రాశాడు. రెండింటిలోనూ ఒకటే ప్రమాణం ఉంది: నిజంగా ఉన్నది ఉండాలి, ప్రశంసకోసం చేర్చినది పోవాలి. రాజ్యం కట్టే స్మారకం ఒకదానిమీద ఒకటి చేర్చుకుంటూ పెరుగుతుంది. బ్రౌన్ పాటించిన స్మృతి అనవసరమైనవాటిని తీసివేస్తూ నిలుస్తుంది. అయితే ఈ ప్రమాణానికి మూల్యం కూడా ఉంది. 26 ఏళ్ల సంగీతకర్త విషయంలో అసంపూర్ణ రచనలే రాబోయే దశకు సాక్ష్యాలు. వాటిలో కొన్ని పోవడంవల్ల అతను ఏమి కాగలిగి ఉండేవాడన్న ప్రశ్నకు ఆధారాలు తగ్గిపోయాయి.

8. మిత్రుల స్మృతి:

స్కైరోస్‌లో రాళ్లు పేర్చిన ఐదుగురిలో ముగ్గురు యుద్ధంలో మరణించారు. బ్రౌన్ జూన్‌లో, లిస్టర్ అదే ఆగస్టులో, కెల్లీ 1916 నవంబరులో ఫ్రాన్సులో చనిపోయారు. తుపాకుల వందనం నడిపించిన షా-స్టూవర్ట్ 1917 డిసెంబరు 30న మరణించాడు.

కెల్లీ తంత్రీవాద్యాలకు రాసిన విలాపగీతం బ్రూక్ స్మృతికి అంకితం. సమాధిమీదికి వంగిన ఆలివ్ చెట్టు ఆకుల సవ్వడిని అందులో సూచించాలనుకున్నట్టు అతని దినచర్యవల్ల తెలుస్తుంది. బ్రౌన్ ఎంచిన చోటే కెల్లీ సంగీతానికి మూలమైంది. షా-స్టూవర్ట్ గల్లిపోలీ సమయంలో తన కవితాపుస్తకంలోని ఖాళీ పేజీమీద రాసుకున్న పద్యం అతని మరణానంతరం బయటపడింది. చావడానికి ఇష్టపడని మనిషి అకిలీజ్‌ను తోడు పిలవడం ఆ పద్యంలోని సన్నివేశం. సానెట్‌లోని సైనికుడు మరణాన్ని స్వాగతించాడు, షా-స్టూవర్ట్ సైనికుడు వద్దన్నాడు. ఇద్దరూ హుడ్ బెటాలియన్ వారే.

బ్రౌన్‌కోసం ఇటువంటి విలాపగీతం వారిలో ఎవరూ ప్రసిద్ధంగా రచించలేదు. రాయగలవారు తరిగిపోతున్నారు. బ్రూక్ మరణించినప్పుడు దళం ఇంకా యుద్ధంలో దిగలేదు, అతని చుట్టూ మిత్రులంతా ఉన్నారు. బ్రౌన్ మరణించేనాటికి శోకించడానికి తీరిక లేదు. మొదట పోయినవాడికి దక్కిన సంస్కారం తరువాత పోయినవారికి దక్కకపోవడంలో వ్యక్తుల దోషం లేదు. యుద్ధం సాగేకొద్దీ స్మరించే శక్తే క్షీణిస్తుంది.

9. స్త్రీపర్వం వెలుగులో:

బ్రౌన్ చీటీ లేవనెత్తిన ప్రశ్న భారతీయ సాహిత్యానికి కొత్తది కాదు. తిక్కన చేతిలో తెలుగైన మహాభారత స్త్రీపర్వంలో యుద్ధానంతర ఘట్టం ఇదే సమస్యతో సాగుతుంది. సంస్కారం చేసే బంధువులు లేనివారి గతి ఏమిటని ధృతరాష్ట్రుడు అడిగినప్పుడు, ధర్మరాజు విదురుడు, సంజయుడు, ధౌమ్యుడు మొదలైనవారిని పిలిచి, ఏ ఒక్క శరీరమూ అనాథగా మిగలకుండా దహనం జరిపించమని ఆజ్ఞాపించాడు. స్వపక్షం, పరపక్షం అన్న భేదం అక్కడ లేదు. గెలిచిన రాజు మొదటి బాధ్యత విజయస్తంభం కాదు, దిక్కులేనివారి ఉత్తరక్రియ.

ఆ పర్వం చివరి ఘట్టం మరింత ముఖ్యం. తిలోదకాలు ఇచ్చేవేళ కుంతి కర్ణుడు తన కుమారుడని ప్రకటించింది. నీళ్లు వదలాలంటే చనిపోయినవాడు తనకు ఏమవుతాడో చెప్పాలి. సంబంధం ప్రకటించకుండా సంస్కారం లేదు. రాజ్యం రాసే నివాళిలో మృతుడు జాతికి బిడ్డ. ఆ సంబంధం విశాలమే, కాని అందులో ఎవరి పేరైనా ఇముడుతుంది. బ్రౌన్ రాసిన ఉత్తరంలో రూపర్ట్ అతనికి బడినాటి స్నేహితుడు, ఆలివ్ తోట బాగుందన్నవాడు. ఆ సంబంధంలో మరొకరి పేరు ఇమడదు. హెల్లెస్ స్తంభంపై వేల పేర్లతోపాటు ఉన్న బ్రౌన్ పేరుకు ఇటువంటి సంబంధాన్ని తిరిగి సమకూర్చడమే అతన్ని స్మరించడం.

10. ముగింపు:

- బ్రూక్ మరణాన్ని గురించి డెనిస్ బ్రౌన్ రాసిన ఉత్తరాన్ని జీవితచరిత్రకు ఆధారపత్రంగా మాత్రమే కాక, స్మృతివచనంగా పరిగణించాలి. కాలనిర్దేశం, ఉపమల లేమి, కర్తృత్వాన్ని పంచడం దాని ప్రధాన లక్షణాలు.

- రాజ్యం, మతం, జాతీయ ఆకాంక్ష బ్రూక్ స్మృతికి చేర్పులు చేశాయి. దగ్గరివాడి వచనం ఆ చేర్పులను నిరాకరించి మనిషిని కాపాడింది.

- బ్రౌన్ చివరి చీటీ పోరాట గౌరవాన్ని తిరస్కరించలేదు. కాని దానికన్న అంత్యసంస్కారమే మేలేమోనన్న తూకానికి వచ్చింది. సానెట్ ఇచ్చిన భరోసాకు అది లోపలినుంచి వచ్చిన సవరణ.

- స్మృతి అందరికీ సమానంగా దక్కదు. అదే రోజు అదే రంగంలో మరణించిన భారతీయ, ఒట్టోమన్ సైనికులను పక్కన పెట్టి బ్రౌన్‌ను మాత్రమే తలచుకుంటే అతని చీటీలోని ప్రశ్నను సగమే విన్నట్టవుతుంది.

స్కైరోస్‌లో ఆ రాత్రి పేర్చిన రాళ్ల స్థానంలో తరువాత బ్రూక్ కుటుంబం పాలరాతి సమాధి కట్టించింది. ఈనాడు అక్కడికి వెళ్లేవారు చదివేది బ్రూక్ పేరు. ఆ చోటును ఎంచినవాడు మాత్రం ఏజియన్ సముద్రానికి అటువైపు, క్రితియా పొలాలలో ఎక్కడో గుర్తు లేకుండా ఉన్నాడు. అతన్ని వెతకవలసిన చోటు ఆ పొలం కాదు. ఒక మధ్యాహ్నం స్నేహితుడు మాటవరసకు అన్న మాటను గుర్తుంచుకుని, మూడు రోజుల తరువాత ఆ చెట్లకిందికే అతన్ని చేర్చిన శ్రద్ధలో డెనిస్ బ్రౌన్ ఉన్నాడు.